ఇంటి లెక్కలో బిడ్డల పాలు

ధ్యాన భాగము: 2 రాజులు 4:1–7



తల్లిదండ్రులు తమ అప్పును బిడ్డలకు తెలియజేయవలెనా, దాచవలెనా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని మన పల్లెలలో అనేక కుటుంబముల సమాధానము దీనిమీదనే ఆనుకొనియున్నది. దాచుటయే ప్రేమయని మనలో చాలమంది తలంచుచున్నాము. చదువుకొను పిల్లవానికి ఈ బాధ ఎందుకని తండ్రి అనును. పెండ్లి కావలసిన పిల్ల చెవిని ఇది వేయకూడదని తల్లి అనును. తుదకు అప్పిచ్చినవాడు వాకిట నిలిచి కేకలు వేసిన దినమున ఆ బిడ్డలు సంగతి తెలిసికొందురు. అప్పటికి వారికి మిగిలినది సిగ్గే గాని ఉపాయము కాదు.

మరికొందరు వేరొక మాట చెప్పుదురు. డబ్బు లోకసంబంధమైనది, దానిని గూర్చి దేవుని మందిరములో మాటలాడుట తగదందురు. అయితే మన ప్రభువు చెప్పిన ఉపమానములను తలంచుకొనుడి. తలాంతులు, ద్రాక్షతోట పనివారి కూలి, పోయిన నాణెము, ఇద్దరు ఋణస్థులు, లెక్క అప్పగింపవలసి వచ్చిన గృహనిర్వాహకుడు, ఇవన్నియు డబ్బు సంగతులే. ఆయన మాటలాడిన దానిని మనము మాటలాడుటకు సిగ్గుపడనేల?

పై ధ్యాన భాగమును మరల చదువుడి. ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయెను. అతడు దైవభక్తి గలవాడని అతని భార్యయే సాక్ష్యమిచ్చుచున్నది. అయినను అతడు అప్పు మిగిల్చి పోయెను. కాబట్టి అప్పులో ఉన్న ప్రతివానిని భక్తిహీనుడని ఎంచుట వాక్యానుసారము కాదు. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవుటకు వచ్చియుండెను. ఆమె ఎలీషాకు మొరపెట్టగా, ఇంటిలో ఏమి ఉన్నదని అతడు ముందుగా అడిగెను. ఒక కుండలో కొంచెము నూనె మాత్రమే ఉన్నది. ఇరుగుపొరుగు వారియొద్ద వట్టి పాత్రలు ఎరవు తెచ్చుకొని, కుమారులతో కూడ లోపలికి పోయి, తలుపు మూసికొని, ఆ నూనె పోయుమని అతడు చెప్పెను.

ఆ తలుపు వెనుక ఎవరు ఉండిరో గమనించితిరా? తల్లి ఒంటరిగా లేదు. ఏ కుమారులను అప్పు క్రింద పట్టుకొని పోవలసియుండెనో ఆ కుమారులే పాత్రలు అందించుచుండిరి. పాత్రలు ఇక లేవని చెప్పినవాడు ఆమె కుమారుడే. ఎంత అప్పున్నది, ఇంట ఏమున్నది, ఏది నిండినది, ఏది మిగిలినది, అన్నియు వారి కన్నుల యెదుటనే జరిగెను. నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలిన దానితో నీవును నీ కుమారులును బ్రతుకుడని ఎలీషా చెప్పినప్పుడు ఆ క్రమమును వారు తమ చేతులతో నేర్చుకొనియుండిరి. లోకమునకు తలుపు మూయవచ్చును. బిడ్డలను మాత్రము తలుపు లోపలనే ఉంచవలెను. ఈ నెల మేము చెప్పదలచిన మాట ఇదియే.

అప్పు మన ప్రాంతమునకు క్రొత్త మాట కాదు. తిరుమల కొండమీది దేవుని మన పొరుగువారు వడ్డికాసులవాడని పిలుతురు. నారాయణవనములో జరిగిన తన వివాహము కొరకు కుబేరునియొద్ద తీసికొన్న ధనమునకు ఆయన నేటికిని వడ్డీ చెల్లించుచున్నాడని వారి నమ్మకము. పొరుగువారి విశ్వాసమును తర్కించుట ఇచ్చట మన పని కాదు. అయితే పెండ్లికి చేసిన అప్పు ఎంతకాలము వెంటాడునో మన సీమలో ప్రతి బిడ్డయు చిన్ననాటనే విని పెరుగుచున్నాడు. వినియు మనము మారలేదు. క్రైస్తవ గృహములలో సహితము పందిరికి, విందుకు, నగలకు ఊరి కన్నుల యెదుట తల ఎత్తుకొనవలెనని అప్పు చేయుదుము. దేవుని సన్నిధిని ఆశీర్వాదము పొందిన దంపతులు మరునాటి ఉదయమున ఆ అప్పును మోయ మొదలుపెట్టుదురు. ఎంత అప్పు చేసిరో వారికి చెప్పినవారు లేరు.

మన తాతల కాలములో కూలి గింజలుగా వచ్చుచుండెను. గాదెలో గింజ తరుగుచున్నదని ఇంటిలోని చిన్నబిడ్డ సహితము చూచి తెలిసికొనుచుండెను. నేడు అట్లు కాదు. మన యౌవనస్థులు శ్రీసిటీ కర్మాగారములకును, తిరుపతి హోటళ్లకును వసతిగృహములకును, బెంగుళూరు, చెన్నై పట్టణములకును పోవుచున్నారు. జీతము బ్యాంకు ఖాతాలో పడును. 2016లో వచ్చిన యూపీఐ మూలముగా ఫోనులో నుండియే ఖర్చయిపోవును. వచ్చినదియు పోయినదియు ఎవరికిని కనబడవు. గాదె చెప్పిన పాఠమును ఇప్పుడు నోటితో చెప్పవలసియున్నది. అందుచేత మూడు పాఠములను మీ ముందుంచుచున్నాము.

మొదటిది, వడ్డీ భాష. మన పల్లెలలో "రెండు రూపాయల వడ్డీ" అందుము. ఆ మాట వినుటకు ఎంతో తేలిక. దాని భావము నూటికి నెలకు 2 రూపాయలు, అనగా సంవత్సరమునకు 24. మూడు రూపాయల వడ్డీ అనగా సంవత్సరమునకు 36. ఐదు రూపాయలైన యెడల 60. బ్యాంకువారు మాత్రము సంవత్సరపు లెక్కనే చెప్పుదురు. కాబట్టి బ్యాంకు చెప్పు 9 పెద్దదిగాను, ఊరివాడు చెప్పు 3 చిన్నదిగాను తెలియని పిల్లవానికి తోచును. పెండ్లికొరకు 50,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 1,500 రూపాయలు వడ్డీయే అగును. అసలులో ఒక్క రూపాయియు తీరకుండ 34 నెలలు కట్టిన యెడల 51,000 రూపాయలు చేజారిపోవును. అసలు 50,000 అట్లే నిలిచియుండును.

దినవడ్డీ ఇంతకంటె మోసకరమైనది. ఉదాహరణకు 10,000 అప్పని చెప్పి 1,500 ముందే పట్టుకొని 8,500 చేతికిచ్చి, దినమునకు 100 చొప్పున 100 దినములు కట్టించుకొందురనుకొనుడి. పదివేలకు పదిహేనువందలే కదాయని మనము తలంతుము. గాని మనము దినదినమును అసలును తిరిగి ఇచ్చుచునే యున్నాము గనుక ఆ సొమ్ము పూర్తిగా మనయొద్ద ఉన్నది ఒక్క దినమే. ఆ లెక్కను చూచిన యెడల సంవత్సరపు వడ్డీ నూటికి నూరును దాటిపోవును. పదవ తరగతి చదివిన బిడ్డకు ఈ లెక్క ఒక సాయంకాలములో నేర్పవచ్చును. నేర్చినవాడు సంతకము చేయుటకు ముందు కలము క్రింద పెట్టి ఆలోచించును.

రెండవది, ముందుగా తీసిపెట్టుట. ఈ పాఠమును మన తల్లులు ఎన్నడో నేర్చియున్నారు. అన్నము వండుటకు ముందు ఒక పిడికెడు బియ్యము తీసి ప్రభువు కొరకు వేరుగా ఉంచుట మన తెలుగు సంఘములలో వాడుక. వండి తినగా మిగిలిన దానిలోనుండి కాదు, ఎసటిలో పోయకముందే ఆ పిడికెడు తీయుదురు. మిగిలిన దానిని దాచుదమనుకొన్నవానికి ఏనాడును మిగులదు. జీతము వచ్చిన దినముననే కానుకకు ఒక భాగము, పొదుపునకు ఒక భాగము తీసిన తరువాతనే ఖర్చు మొదలుపెట్టవలెనని మన కుమారులకును కుమార్తెలకును నేర్పుదము. ఆ పిడికెడు చిన్నదైనను సరే, అది ముందు తీసినదై యుండవలెను.

యోసేపు ఐగుప్తులో చేసినది ఇదియే. సమృద్ధిగల ఏడు సంవత్సరములలో ఐదవ భాగమును తీసి నిలువచేయించెను. మన సేద్యగాండ్రకు ఈ మాట వివరింపనక్కరలేదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమోటా కిలో నూరు రూపాయలు దాటి పలికెను. రెండు నెలలు తిరుగకముందే ఆ ధర కుప్పకూలెను. మంచి ధర వచ్చిన నెలలో మోటారు సైకిలు కొని, ధర పడిన నెలలో దానినే కుదువపెట్టుట కంటె, పుష్టిగల ఆవుల కాలములోనే బక్క ఆవులను తలంచుకొనుట జ్ఞానము.

మన పొరుగు నెల్లూరు జిల్లాలో జరిగిన సంగతిని కూడ ఇచ్చట జ్ఞాపకము చేసికొందము. 1990లో అచ్చట అక్షరాస్యతా ఉద్యమము మొదలాయెను. దూబగుంట అను పల్లెలో చదువు నేర్చుకొన వచ్చిన స్త్రీలు, తమ ఇండ్లకు రావలసిన కూలి డబ్బు సారాయి అంగడికి ఏలాగు పోవుచున్నదో ఒకరితో ఒకరు మాటలాడుకొనిరి. రోశమ్మ మొదలగువారు ముందు నిలిచి ఆ ఊరిలో సారాయిని ఆపిరి. ఆ పోరాటము రాష్ట్రమంతట వ్యాపించగా 1993 అక్టోబరులో సారాయి నిషేధము వచ్చెను. పిమ్మట ఆ జిల్లా స్త్రీలు దినమునకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేయసాగిరి. అక్షరము, లెక్క, పొదుపు ఒకదాని వెంట ఒకటి వచ్చెను. ఇంటి డబ్బు ఎటుపోవుచున్నదో కలిసి మాటలాడుకొన్న దినముననే మార్పునకు మొదలు పడెను.

మూడవది, కాదని చెప్పు ధైర్యము. స్నేహితుని మొగమాటమునకు పూచీపడుటను గూర్చి సామెతల గ్రంథము ఆరవ అధ్యాయము మొదటనే హెచ్చరించుచున్నది. చిక్కుకొన్నవాడు నిద్రపోక, వేటకాని చేతిలోని లేడివలె తప్పించుకొనవలెనని అచ్చట భావము. ప్రోనోటు మీద సాక్షి సంతకము, జామీను సంతకము ఒకటి కావు. జామీను సంతకము చేసినవాడు అప్పు తాను తీసికొన్నట్టే. దీనిని మన యౌవనస్థులకు ఎవరు చెప్పుచున్నారు?

అధిక వడ్డీ ఆశ చూపువారి యెదుట కూడ ఈ ధైర్యమే కావలెను. విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డ్ సంస్థ 2014–15 ప్రాంతములలో చెల్లింపులు నిలిపివేయగా లక్షలాది డిపాజిటుదారులు నష్టపోయిరి. వారిలో అనేకులు మనవంటి పల్లెవాసులు. డబ్బు వసూలు చేసిన ఏజెంట్లు పరాయివారు కారు. పిన్నమ్మ కొడుకో, వీధిలోని మాస్టరో అయియుండెను. వారును నమ్మి మోసపోయిరి. చెప్పువాడు మంచివాడైనంత మాత్రమున చెప్పిన లెక్క మంచిది కానేరదు. బ్యాంకులో దాచిన సొమ్మునకు 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకు డిపాజిటు బీమా కలదు. ఇట్టి బీమా లేని చోట సొమ్ము ఉంచుటకు ముందు రెండుసార్లు ఆలోచింపవలెను.

నేడు అప్పిచ్చువాడు వాకిటికి కూడ రానక్కరలేదు, ఫోనులోనే కూర్చుండియున్నాడు. 2020 డిసెంబరులో అప్పుల యాప్‌ల వేధింపులు భరింపలేక తెలుగు బిడ్డలు కొందరు ప్రాణములు తీసికొన్న వార్తలను మనము దుఃఖముతో చదివితిమి. వారి ఫోనులోని బంధుమిత్రులందరికి అవమానకరమైన సందేశములు పంపబడెను. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నియమములు చేసెను. అప్పు సొమ్ము నేరుగా తీసికొన్నవాని బ్యాంకు ఖాతాకే చేరవలెను. అన్ని ఖర్చులు కలిపి సంవత్సరమునకు ఎంత వడ్డీ పడునో ముందుగా వ్రాతపూర్వకముగా తెలుపవలెను. ఫోనులోని పేర్ల పట్టికను, ఫోటోలను యాప్ తడవరాదు. వీటిని అడుగువాడు దొంగయని బిడ్డలకు చెప్పుడి. ఆన్‌లైనులో డబ్బు మోసపోయిన యెడల ఆలస్యము చేయక 1930 అను నంబరునకు ఫోను చేయవలెనని చెప్పుడి. అన్నిటికంటె ముఖ్యముగా, ఎంత అప్పు చేసినను ఇంటికి వచ్చి చెప్పవచ్చునని వారికి తెలియనియ్యుడి. తలుపు లోపల ఉండుటకు అలవాటు పడిన బిడ్డయే అట్లు వచ్చి చెప్పును. తండ్రి తన అప్పును దాచిన ఇంటిలో కుమారుడు తన అప్పును దాచును.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. దానిని మనము తేలికగా తోసివేయరాదు. "కూలి చాలనప్పుడు లెక్క వ్రాసి ప్రయోజనమేమి? ఆకలిగొన్నవానికి పొదుపు బోధించుట ఎగతాళి కాదా?" అని కొందరడుగుదురు. నిజమే. లెక్క వ్రాసినంత మాత్రమున కూలి పెరుగదు. ఆసుపత్రి ఖర్చు, వాన లేని సంవత్సరము ఎవని అజ్ఞానము వలననైన కలిగినవి కావు. నెహెమ్యా అయిదవ అధ్యాయము చూడుడి. కరవులో ధాన్యము కొరకు పొలములను, ఇండ్లను కుదువపెట్టి, కుమారులను కుమార్తెలను దాసత్వమునకు అప్పగింపవలసిన ప్రజలు మొరపెట్టిరి. నెహెమ్యా వారికి పొదుపును గూర్చి ప్రసంగము చేయలేదు. అప్పిచ్చిన ప్రధానులను సమాజముగా నిలువబెట్టి గద్దించి, పొలములను తిరిగి ఇప్పించెను.

కాబట్టి బీదవానికి లెక్క నేర్పు సంఘము, వడ్డీకిచ్చువానికి నీతి బోధింపవలసియున్నది. మన సంఘములలో ఐదు రూపాయల వడ్డీకి తోటి విశ్వాసికి అప్పిచ్చి, ఆదివారమున అతని ప్రక్కనే కూర్చుండి ప్రభువు బల్లలో పాలుపొందువారు లేరా? వారిని ఎవరును అడుగరు. ప్రభుత్వము సహితము ఒకప్పుడు అడిగినది. 2010లో సూక్ష్మఋణ కంపెనీలు ఒక్కొక్క స్త్రీకి మూడు నాలుగు అప్పులిచ్చి వసూళ్లలో వేధించుచున్నవని గొడవ పుట్టగా, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, ఆ కంపెనీలు వసూలు చేయు వడ్డీ అసలును మించరాదని కట్టడ చేసెను. చట్టము గీసిన గీతకంటె క్రైస్తవుని మనస్సాక్షి గీసిన గీత ముందుగా ఉండవలదా? లెక్క తెలిసిన బిడ్డకు తన పొరపాటు మాత్రమే కాదు, తనకు జరుగుచున్న అన్యాయమును కూడ కనబడును. లెక్క తెలియనివాడు దానిని తన తలవ్రాతయని తలంచును.

డబ్బు లెక్క నేర్చిన బిడ్డలు పిసినారులగుదురేమోయని భయపడువారును కలరు. లెక్క ఎందుకొరకో చెప్పకుండ నేర్పిన యెడల అట్లు జరుగవచ్చును. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయములో పౌలు కష్టపడి పనిచేయుటకు చెప్పిన కారణము అక్కరగలవానికి పంచిపెట్టుట. అప్పులో మునిగినవాడు మనసున్నను ఇయ్యలేడు. లెక్క మనలను ఇచ్చుటకు స్వతంత్రులను చేయవలెను. అదియే దాని ధర్మము.

ఇరుగుపొరుగువారిని కూడ మనము మరువరాదు. ఆ విధవరాలికి వారిచ్చినది డబ్బు కాదు, వట్టి పాత్రలే. అయితే ఆ పాత్రలు నిండినంతవరకే నూనె పారెను. జర్మనీ దేశములో రైఫైజన్ అను ప్రొటెస్టెంటు భక్తుడు పల్లెటూళ్ల అధికారిగా ఉండి, 1846–47 కరవులో బీదలకు రొట్టె దొరకునట్లు పనిచేసి, 1864లో హెడ్డెస్‌డార్ఫ్ అను గ్రామములో రైతుల పరపతి సంఘమును స్థాపించెను. ఒకరినొకరు ఎరిగిన ఇరుగుపొరుగువారు ఒకరికొకరు పూచీగా నిలుచుటయే దాని మూలధనము. మద్రాసు ప్రభుత్వము పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపాలో ఇట్టి సంఘములను పరిశీలించి 1895, 1897లలో నివేదికలిచ్చెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. మన ఊరి సొసైటీ ఆ వట్టి పాత్రల సంతానమే.

మన సంఘములు ఏ పాత్రలు ఇయ్యగలవు? కన్ఫర్మేషను తరగతిలో ఒక సాయంకాలము వడ్డీ లెక్కకు కేటాయింపవచ్చును. నిశ్చితార్థమునకు ముందు కాపరి వధూవరులను కూర్చుండబెట్టి, పెండ్లి ఖర్చు ఎంత, అందులో అప్పు ఎంత, తీర్చువారెవరు అని కాగితము మీద వ్రాయింపవచ్చును. కుమార్తెకు, కోడలికి తన పేరుననే బ్యాంకు ఖాతా ఉన్నదా, తన నగ తనకు తెలియకుండ కుదువకు పోయినదా అని పెద్దలు విచారింపవచ్చును. కోత పండుగ కానుకల లెక్కను యౌవనస్థుల చేతనే కూడించి, సంఘము యెదుట చదివింపవచ్చును. తన లెక్కను తెరచి చూపని సంఘము ఇంటి లెక్కను తెరచి చూపుడని చెప్పజాలదు.

ఈ నెలలో ఒక రాత్రి భోజనమైన తరువాత, కుటుంబ ప్రార్థనకు ముందు, మీ పెద్దబిడ్డలను దగ్గరకు పిలువుడి. అప్పులను, రాబడిని, ఇంట ఉన్నదానిని ఒక నోటుపుస్తకములో వారి చేతనే వ్రాయించుడి. మొదట నోరు రాకపోవచ్చును. ఎలీషా సహితము కోపపడలేదు, సిగ్గుపరచలేదు. ఇంట ఏమున్నదని మాత్రమే అడిగెను. కొంచెము నూనెయే ఉన్నను దాచక చెప్పిన ఇంటిని ప్రభువు విడువలేదు. మన బిడ్డలు ఏ మనుష్యునికిని దాసులు కాక, ఇచ్చు చేతులు గలవారై జీవించునట్లు ఆయనయే మనకు జ్ఞానమును ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.